పాతది గట్టిదేనా? కొత్తది వట్టిదేనా?

పెళ్ళిళ్ళలోనో పేరంటాల్లోనో నలుగురు ఆడవాళ్ళం చేరామంటే, చీరల సంగతులూ పిల్లల చదువుల సంగతులూ అయ్యాక మాట తప్పకుండా ఇంట్లో సామాన్ల మీదికి మళ్ళుతుంది. “మా అత్తగారి మిక్సీ నలభై ఏళ్ళయినా రాయిలా ఉందమ్మా, నేను కొన్నది నాలుగేళ్ళకే పొగ వదిలింది” అంటుంది ఒకావిడ. “మా పుట్టింట్లో ఫ్రిజ్ నా పెళ్ళికి ముందుది. ఈనాటికీ చల్లగా ఉంది” అంటుంది ఇంకొకావిడ. అవతల వరండాలో మగవాళ్ళు అంబాసిడర్ కారు గురించి అచ్చం ఇలాగే చెప్పుకుంటూ ఉంటారు. చివరికి అందరూ కలిసి తేల్చేదొక్కటే: “ఆ రోజుల్లో వస్తువులే వేరు!”

ఈ వారం ఆ మాటే తీసుకుందాం. నిజంగా పాతవే మంచివా? కొత్తవన్నీ పైపై మెరుగులేనా?

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఒక వస్తువు మంచిదో కాదో తేల్చుకోవాలంటే మనం మూడు సంగతులు చూసుకోవాలి. ఒకటి, అది ఇంట్లోవాళ్ళ ప్రాణాలకి భద్రమేనా? రెండు, ఎంత కరెంటు తింటుంది? మూడు, అది ఆగిపోతే మళ్ళీ నిలబెట్టేవాడు మన ఊళ్ళో ఉన్నాడా? మొదటి రెండిట్లో చాలామటుకు కొత్తవాటిదే పైచేయి. మూడోదాంట్లో పాతవాటిదే. మనం “పాతది గట్టిది” అని మెచ్చుకునేది నిజానికి ఆ మూడో గుణాన్నే. దానికోసం మొదటి రెండూ వదులుకోనక్కర్లేదు. అలాగని కొత్తదాని మోజులో పడి మూడోది మర్చిపోనూ కూడదు.

ఒక్కొక్కటే చూద్దాం.

చచ్చినవాడి కళ్ళు చారెడు

మన పెద్దవాళ్ళు ఊరికే అనలేదు ఈ మాట. పోయినవన్నీ మనకి గొప్పగానే కనిపిస్తాయి. 1985 ప్రాంతంలో మీ వీధిలో పది ఇళ్ళవాళ్ళు పది మిక్సీలు కొన్నారనుకోండి. అందులో చాలా వాటికి ఏనాడో వైండింగు కాలిపోయింది, జార్లు చిల్లులు పడ్డాయి, పాత సామాన్లవాడి బండి ఎక్కి వెళ్ళిపోయాయి. వాటిని తలుచుకునేవాళ్ళెవరూ లేరు. ఏ ఒక్కటో మిగిలి ఇంకా తిరుగుతూ ఉంటుంది. ఆ ఒక్కదాన్ని చూసి అప్పటి మిక్సీలన్నీ ఇలాగే ఉండేవనుకుంటాం.

ఇంకో సంగతి చెబుతాను, మీకు తమాషాగా ఉంటుంది. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రంలో లివర్‌మోర్ అనే ఊళ్ళో, ఫైర్ స్టేషన్లో ఒక కరెంటు బల్బు ఉంది. 1901లో పెట్టినది. నూట ఇరవై ఏళ్ళు దాటినా ఇంకా వెలుగుతూనే ఉంది. దాన్ని చూడటానికి జనం వెళ్తారు కూడా. “చూశారా, పాత బల్బుల మహిమ!” అనిపిస్తుంది కదా? అయితే ఇప్పుడది ఇచ్చే వెలుగెంతో తెలుసా? 4 వాట్ల బల్బంత! మన పడగ్గదిలో రాత్రిపూట వేసుకునే జీరో బల్బు వెలుగులో బియ్యంలో రాళ్ళేరగలమా? ఇదీ అంతే. బతికుండటం వేరు, పనికి రావటం వేరు.

అలాగని కంపెనీలవాళ్ళ మీద మనకున్న అనుమానం ఒట్టిదేనంటే అదీ కాదు. 1924లో ప్రపంచంలోని పెద్ద పెద్ద బల్బుల కంపెనీలన్నీ కలిసి జెనీవా కేంద్రంగా ఒక కూటమి కట్టాయి. దాని పేరు ఫీబస్. బల్బు 1,000 గంటలకి మించి వెలగకుండా చూసుకోవాలని వాళ్ళలో వాళ్ళు కట్టుబాటు చేసుకున్నారు. ఎక్కువ కాలం వెలిగే బల్బులు తయారు చేసిన ఫ్యాక్టరీకి జరిమానా కూడా వేసేవాళ్ళు! ఎక్కువకాలం మన్నే బల్బు వెలుగు తక్కువిస్తుందని వాళ్ళు చెప్పుకున్నారు. ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు, లివర్‌మోర్ బల్బే అందుకు సాక్ష్యం. కానీ వెలుగు కోసమే అయితే జరిమానాలెందుకండీ? కాబట్టి కావాలని ఆయుష్షు తగ్గించే బుద్ధి ఈనాటిది కాదు, నూరేళ్ళ కిందటిదే. “ఆ రోజుల్లో అందరూ ధర్మరాజులు” అనుకోవటానికి లేదు.

ఒక ఇల్లాలి కోసం పుట్టిన మిక్సీ

మరి అత్తగారి మిక్సీ అంత గట్టిగా ఎందుకుంది? దానికో కథ ఉంది.

1960ల మొదట్లో బొంబాయిలో మాధురీ మాథుర్ అనే గృహిణి దగ్గర జర్మనీ నుంచి తెచ్చిన మిక్సర్ ఒకటి ఉండేది. విదేశాల్లో అది పళ్ళరసాలు తీయటానికో కేకు పిండి కలపటానికో చేసింది. మన వంటింట్లో నానబెట్టిన పప్పూ, ఎండు మసాలా వేస్తే తట్టుకుంటుందా? మోటారు కాలిపోయింది. ఆవిడ భర్త సత్యప్రకాష్ మాథుర్ సీమెన్స్ కంపెనీలో ఇంజనీరు. మన రుబ్బుడికి తట్టుకునే గట్టి మోటారు తనే తయారు చెయ్యటానికి పూనుకున్నాడు. అలా 1963లో పుట్టిందే సుమీత్ మిక్సీ. అంతకు ముందే 1955లో కోయంబత్తూరులో పి. సభాపతి అనే ఆయన కరెంటుతో తిరిగే రాతి గ్రైండర్ని తీసుకొచ్చారు. ఇడ్లీ పిండి, గారెల పిండి చేత్తో రుబ్బి రుబ్బి భుజాలు పడిపోయిన తల్లులెందరికో ఆ రెండు వస్తువులూ ఊపిరి పోశాయి.

చూశారా! ఆ మిక్సీ పాతదయినందుకు మంచిది కాలేదు. మన ఆడవాళ్ళు చేసే పనేమిటో తెలిసినవాళ్ళు, ఆ పనికి తగ్గట్టుగా చేశారు కనుక మంచిదయింది. ఈనాడు కొనేటప్పుడు కూడా అదే చూసుకోవాలి. వారానికి రెండుసార్లు కొబ్బరి పచ్చడి చేసుకునే ఇంటికీ, రోజూ పెసరట్ల పిండి రుబ్బి, ఏడాదికోసారి సాంబారు కారం ఆడించుకునే ఇంటికీ ఒకే మిక్సీ సరిపోదు. జార్లు ఎన్నిచ్చారో, రంగు వంటింటి గోడలకి నప్పిందో లేదో తర్వాత చూడొచ్చు. మోటారు ఎన్ని వాట్లు, ఆపకుండా ఎన్ని నిమిషాలు తిప్పొచ్చు అన్నది ముందు చూడాలి. కూడా ఇచ్చే చిన్న పుస్తకంలో అది రాసి ఉంటుంది. మనం ఆ పుస్తకాన్ని చూడకుండానే సొరుగులో పడేస్తాం.

ఇంకో సంగతి, ఆ రోజుల్లో వస్తువు చవక కాదు. మా నాన్నగారు 1994లో ఫ్రిజ్ కొంటే మూడు నెలల జీతం దానికే పోయింది. అంత పోసి కొన్నదాన్ని ఎవరు పారేస్తారు? బాగు చేయించారు, మళ్ళీ చేయించారు, గుడ్డ కప్పి కాపాడుకున్నారు. పాత వస్తువు ఆయుష్షులో సగం కంపెనీది, సగం మన ఇళ్ళలో ఆడవాళ్ళ జాగ్రత్తది.

ముందు ప్రాణం

ఇక భద్రత సంగతికి వద్దాం. ఇక్కడ మాత్రం పాత రోజుల్ని మెచ్చుకోవటం నావల్ల కాదు.

మా చిన్నప్పుడు మా అమ్మ ఇత్తడి పంపు స్టవ్ మీద వండేది. పిన్ను పెట్టి పొడిచి, గాలి కొట్టి, భగ్గున మంట లేస్తే మొహం వెనక్కి తీసుకునేది. ఆ రోజుల్లో పేపరు తిరగేస్తే ఏదో ఒక మూల “స్టవ్ పేలి గృహిణి మృతి” అని కనిపించేది. వాటిలో ఎన్ని నిజంగా స్టవ్వులు పేలినవో, ఎన్ని కట్నం కోసం మనుషులు చేసినవో ఆ దేవుడికే ఎరుక. కానీ ఆ అబద్ధం అంత సులువుగా చెల్లిందంటే, స్టవ్ పేలటం అంత మామూలు సంగతి గనుకనే గదా! ఆ స్టవ్ ఎంత మన్నితే మాత్రం ఏం లాభం?

ప్రెషర్ కుక్కర్ చూడండి. మూత బిగించి వెయిట్ పెట్టాక లోపల నీళ్ళు 100 డిగ్రీల దగ్గర కాకుండా 120 డిగ్రీల దాకా వేడెక్కి మరుగుతాయి. అందుకే కందిపప్పు నాలుగు విజిళ్ళలో వెన్నలా ఉడుకుతుంది. అంత ఆవిరిని మూతలో బంధించి పెట్టాం గనుక సేఫ్టీ వాల్వ్ పెట్టారు. నీళ్ళు ఇగిరిపోయి వేడి హద్దు మీరితే అందులో ఉన్న లోహం కరిగి ఆవిరికి దారి ఇస్తుంది. మీ పాత కుక్కర్ గిన్నె దళసరిగా బాగానే ఉండొచ్చు. కానీ దాని గ్యాస్కెట్, సేఫ్టీ వాల్వ్ మీ పెళ్ళినాటివే అయితే అవి ఇప్పుడు అలంకారం కింద లెక్క. ఈ నెల సరుకులతో పాటు అవి కూడా కొనండి, ఆ కంపెనీవే కొనండి. గిన్నె అడుగు ఉబ్బినా, మూత చెవులు వదులైనా ఇక ఆ కుక్కర్‌ని చారు కాచుకోవటానికి వాడుకోండి, మూత మాత్రం పెట్టొద్దు. కొత్తది కొనేటప్పుడు ఐ.ఎస్.ఐ. గుర్తు చూడండి. 2021 నుంచి కుక్కర్లకి అది తప్పనిసరి చేశారు.

కార్ల సంగతి కూడా ఇంతే. “పాత కారుకి చెట్టు గుద్దినా సొట్ట పడదు, ఇప్పటివి వేలితో నొక్కితే నొక్కుకుపోతాయి” అంటారు మగవాళ్ళు. దీనికి జవాబు 2009లోనే దొరికింది. అమెరికాలో ఇన్సూరెన్స్ ఇన్‌స్టిట్యూట్ ఫర్ హైవే సేఫ్టీ అనే సంస్థ తన యాభయ్యో ఏట ఒక పరీక్ష చేసింది. 1959 నాటి షెవ్రొలే బెల్ ఎయిర్ కారునీ, 2009 నాటి షెవ్రొలే మాలిబూ కారునీ ఎదురెదురుగా గుద్దించారు. లోపల మనుషుల బదులు బొమ్మలు పెట్టారు. ఇంత లావు ఇనుముతో చేసిన పాత కారులో డ్రైవరు కూర్చునే చోటంతా లోపలికి కుంగిపోయింది. అక్కడ మనిషే ఉంటే బతికేవాడు కాదు. కొత్త కారు ముందు భాగం అప్పడంలా నలిగింది గానీ మనిషి కూర్చునే చోటు చెక్కు చెదరలేదు. కాలికి దెబ్బ తగిలేదంతే. గుద్దిన దెబ్బంతా ముందుభాగమే నలిగి మింగేసింది. నలిగిపోయేలా చేసింది కావాలనే!

మన అంబాసిడర్ 1950ల నాటి మోరిస్ ఆక్స్‌ఫర్డ్ అనే ఇంగ్లీషు కారుకి తోబుట్టువు. 2014 దాకా తయారైంది. అందులో పెళ్ళికూతురిగా కూర్చుని అత్తారింటికి వెళ్ళినవాళ్ళు మనలో ఎందరో! ఆ ముచ్చట ముచ్చటే. కానీ 2021 నుంచి మన దేశంలో కొత్త కార్లకి ముందు సీట్లు రెండిటికీ ఎయిర్‌బ్యాగులు తప్పనిసరి. పిల్లల్ని కూర్చోబెట్టుకుని హైవే ఎక్కేటప్పుడు నాకు ముచ్చట కన్నా అదే ముఖ్యం. బెల్టు పెట్టుకోకపోతే మాత్రం ఎంత కొత్త కారైనా మనల్ని కాపాడలేదు. వెనక సీట్లో కూర్చున్న మనం కూడా పెట్టుకోవాలి సుమండీ.

ఇంట్లో కరెంటుకి కూడా ఇప్పుడు ఇలాంటి రక్షణ ఉంది. ఆర్.సి.సి.బి. అంటారు. మెయిన్ బోర్డులో పెడతారు. తడి చేత్తో వాషింగ్ మిషన్ ముట్టుకున్నప్పుడు కరెంటు మన ఒంట్లోంచి నేలలోకి పారిందనుకోండి, 30 మిల్లీ ఆంపియర్లు దాటకముందే రెప్పపాటులో కరెంటు ఆపేస్తుంది. మామూలు ఫ్యూజు ఆ పని చెయ్యలేదు. అది వైర్లని కాపాడుతుంది, మనిషిని కాదు. ఇంట్లో పెద్ద టి.వి. కొనే ముందు ఇది ఉందో లేదో మీవారిని అడగండి. లేకపోతే ముందు ఇది పెట్టించండి. దానిమీద ఉండే చిన్న టెస్ట్ బటన్ నెలకోసారి నొక్కి చూడటం మన పనిగా పెట్టుకుందాం.

మరో చిన్న మాట. గొళ్ళెంలా పడే తాళం ఉన్న బాగా పాత ఫ్రిజ్‌లలో ఆడుకుంటూ దూరిన పిల్లలు ఊపిరాడక చనిపోయిన ఘోరాలు జరిగాయి. అందుకే అమెరికాలో 1956లో, లోపలి నుంచి తోస్తే తెరుచుకునేలా తలుపులుండాలని చట్టం చేశారు. అలాంటి పాత ఫ్రిజ్ ఏదైనా మేడ మీద పడి ఉంటే ఈ రోజే దాని తలుపు ఊడదీయించండి.

మీటరు చెప్పే నిజం

రెండోది కరెంటు. ఇక్కడ మాటలకన్నా లెక్కలు నయం.

మామూలు పాత సీలింగ్ ఫ్యాను సుమారు 75 వాట్లు తీసుకుంటుంది. ఇప్పుడొస్తున్న బి.ఎల్.డి.సి. ఫ్యాను 30 వాట్ల దగ్గర ఉంటుంది. తేడా 45 వాట్లు. రోజుకి 12 గంటలు తిరిగితే నెలకి 16 యూనిట్ల పైమాటే. యూనిట్ 6 రూపాయలనుకుంటే నెలకి దగ్గర దగ్గర 97 రూపాయలు మిగులుతుంది. ఫ్యాను ధర 3,000 అనుకుంటే రెండున్నరేళ్ళు దాటేసరికి దాని ఖరీదు అదే తెచ్చిపెడుతుంది. అయితే ఈ లెక్క పడగ్గదిలో ఫ్యానుకి, హాల్లో ఫ్యానుకి. దేవుడి గదిలో రోజుకి గంట తిరిగే ఫ్యానుని మార్చకండి. దానికి పెట్టిన డబ్బు పాతికేళ్ళు దాటినా తిరిగి రాదు. వస్తువు పాతదా అని కాదు, రోజుకి ఎన్ని గంటలు తిరుగుతుందని చూడండి.

దీపాలూ అంతే. పాత ట్యూబులైటు 40 వాట్లదే అయినా ఇనప చోక్ తినేదానితో కలిపి 50 దాటుతుంది. ఎల్.ఇ.డి. ట్యూబు 20 వాట్లతోనే సరిపెడుతుంది. 60 వాట్ల గుండు బల్బు ఇచ్చే వెలుగు 9 వాట్ల ఎల్.ఇ.డి. ఇస్తుంది. 2015లో కేంద్ర ప్రభుత్వం ఉజాలా పథకం పెట్టాక వాటి ధరలు బాగా దిగివచ్చాయి. ఇక్కడ “పాతదే మేలు” అనేవాళ్ళకి నా దగ్గర జవాబు లేదు, కరెంటు బిల్లు దగ్గరే ఉంది.

ఫ్రిజ్ సంగతి ఎవరి ఇంటిది వాళ్ళే తేల్చుకోవాలి. రాత్రీ పగలూ ఆగకుండా ఉండేది అదొక్కటే గదా. మీ ఫ్రిజ్ ఎంత తింటుందో తెలుసుకోవటానికి ఒక సులువైన చిట్కా ఉంది. మీరు రెండు రోజులు ఊరెళ్ళేటప్పుడు మిగతావన్నీ ఆపేసి ఫ్రిజ్ ఒక్కటే ఉంచండి. వెళ్ళేముందు మీటరు రీడింగు, టైము కాగితం మీద రాసుకోండి. వచ్చాక మళ్ళీ చూడండి. రోజుకి ఎన్ని యూనిట్లో తెలుస్తుంది. దాన్ని 365తో హెచ్చవేయండి. కొత్త ఫ్రిజ్ మీద నక్షత్రాల చీటీలో ఏడాదికి ఎన్ని యూనిట్లో రాసి ఉంటుంది. రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. తేడా ఎంతో మీకే తెలిసిపోతుంది, షాపువాడు చెప్పనక్కర్లేదు.

ఈ నక్షత్రాల పద్ధతి మన దేశంలో 2006లో మొదలైంది. ఆ చీటీలో ఏ సంవత్సరానిదో కూడా ఉంటుంది, చూడండి. నియమాలు మధ్య మధ్యలో కఠినం చేస్తారు కాబట్టి కొన్నేళ్ళ కిందటి అయిదు నక్షత్రాలు ఇప్పటి లెక్కలో మూడో నాలుగో అవుతాయి. షాపులో ఎప్పటి నుంచో పడి ఉన్న సరుకుని “ఫైవ్ స్టార్ మేడమ్” అని అంటగట్టే ప్రమాదం ఉంది.

పాత ఫ్రిజ్ ఎక్కువ తింటుంటే వెంటనే మార్చెయ్యక్కర్లేదు కూడా. తలుపు రబ్బరు మధ్య ఒక కాగితం ముక్క పెట్టి మూయండి. లాగితే సులువుగా వచ్చేస్తే రబ్బరు వదులైందన్నమాట. రబ్బరు మార్పిస్తే చాలా ఇళ్ళలో ఆ పని అక్కడితో తీరిపోతుంది.

ఆగిపోతే ఎవరు దిక్కు?

ఇప్పుడు మూడోది. కొత్తవాటి మీద నా కోపమంతా ఇక్కడే.

మా అత్తయ్యగారి మిక్సీ ఆగితే నేను సంచీలో వేసుకుని బజారుకెళ్తాను. మా తెనాలిలో వైండింగు షాపాయన నాలుగు మరలు తిప్పి లోపల చూసి, “కార్బన్ అరిగిందమ్మా” అని కొత్త ముక్కలు వేసి అరగంటలో ఇచ్చేస్తాడు. నేను కూరలు కొనుక్కుని వచ్చేసరికి మిక్సీ సిద్ధం. పాత ఫ్యాను నెమ్మదించిందంటే కండెన్సర్ మారిస్తే సరి. ఖర్చు వందల్లో ఉంటుందేమో గానీ వేలల్లోకి పోదు.

రెండేళ్ళ కిందట మా వాషింగ్ మిషన్ ఆగింది. పెద్ద పేరున్న కంపెనీదే, కొని అయిదేళ్ళు కూడా కాలేదు. వచ్చిన అబ్బాయి మూత తీసి చూసి, “బోర్డు పోయింది మేడమ్, రిపేరు లేదు, మార్చటమే” అన్నాడు. ఆరు వేల ఐదు వందలు! అదీ పై ఊరి నుంచి రావాలి. పదకొండు రోజులు పట్టింది. ఆ పదకొండు రోజులూ మావారి చొక్కాలూ, పిల్లల యూనిఫారాలూ, దుప్పట్లూ ఎలా ఉతికి ఆరేశాయంటారు? ఈ చేతులతోనే. మిషన్ ఆగిన సంగతి ఇంట్లో మిగతావాళ్ళకి మూడో రోజుకే మర్చిపోయిన వార్త.

అందుకే అంటున్నాను, రిపేరు అన్నది మగవాళ్ళ లెక్కల్లో డబ్బు సంగతి, మన లెక్కల్లో నడుము సంగతి. కొనేటప్పుడు ఆ మాట అడగాల్సింది మనమే.

మోటారు కాలితే చుట్టటానికి వీధికొకడు ఉన్నాడు. బోర్డు పోతే అందులో చిన్న ముక్క ఏది పోయిందో చూసి అతికేవాడు దొరకటం కష్టం. దొరికినా కంపెనీవాళ్ళు విడి భాగాలూ, వాటి పటాలూ బయటివాళ్ళకి అందనివ్వరు. ఇది ఒక్క మన గొడవే కాదు. ఫ్రాన్స్ దేశంలో 2021లో వాషింగ్ మిషన్లు, టి.వి.లు లాంటి కొన్ని వస్తువుల మీద ‘ఎంత సులువుగా రిపేరు చేయొచ్చు’ అని పదికి మార్కులు వేసి అంటించాలని నియమం పెట్టారు. యూరప్ దేశాల్లో అదే ఏడు వచ్చిన నియమాల ప్రకారం, ఒక మోడల్ తయారీ ఆపేశాక కూడా ఫ్రిజ్ విడి భాగాలు కనీసం 7 ఏళ్ళు, వాషింగ్ మిషన్‌వి 10 ఏళ్ళు దొరికేలా చూడాలి. మన దేశంలో కూడా 2022 జులైలో వినియోగదారుల వ్యవహారాల శాఖ ‘రిపేరు హక్కు’ మీద ఒక కమిటీ వేసింది. అదే ఏడు డిసెంబరు 24న, జాతీయ వినియోగదారుల దినోత్సవం నాడు, ఆ వివరాలన్నీ ఒకచోట దొరికే ఏర్పాటు మొదలుపెట్టింది. అందులో పొలం పనిముట్లు, ఫోన్లు, ఇంటి సామాన్లు, బండ్లు నాలుగూ ఉన్నాయి. మంచిదే. కానీ హక్కు కాగితం మీద ఉంటే సరిపోదు, మనం నోరు తెరిచి అడగాలి.

కొనేటప్పుడు ఇవి అడగండి:

* సర్వీసు మనిషి మన ఊళ్ళోనే ఉన్నాడా, పై ఊరి నుంచి రావాలా?
* “పదేళ్ళ గ్యారంటీ” దేనికి? చాలాసార్లు అది మోటారుకో కంప్రెసర్‌కో మాత్రమే. బోర్డు, గ్యాసు, మనిషి కూలి అందులోకి రావు. ఏవేవి వస్తాయో బిల్లు వెనక రాయించుకోండి.
* బోర్డు పోతే ఈ రోజు ధర ఎంత? షాపువాడు చెప్పలేకపోతే సర్వీసు సెంటరుకి ఫోను చేసి కనుక్కోండి. అది వస్తువు ధరలో మూడో వంతు దాటుతుంటే ఇంకో మోడల్ చూడండి.
* మీటలు తక్కువున్న మోడల్ ఉందా? మీరు వాడని పదహారు రకాల ఉతుకులకి మీరెందుకు డబ్బు పెట్టాలి?
* మీ వీధిలో కరెంటు హెచ్చుతగ్గులు ఎక్కువైతే స్టెబిలైజరు కలుపుకుని ధర లెక్కేసుకోండి. పాత మోటారు తట్టుకునేది, బోర్డు తట్టుకోదు.

గ్యారంటీ ఉండగా కూడా తిప్పించుకుంటుంటే ఊరికే తిట్టుకుని కూర్చోకండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నెంబరు 1915. తెలుగులోనే మాట్లాడొచ్చు. బిల్లు దగ్గర పెట్టుకుని ఫోను చేయండి.

ఏది ఉంచుకోవాలి? ఏది పంపెయ్యాలి?

ఇప్పటిదాకా చెప్పుకున్నది గుర్తుండేలా కుదించి చెబుతాను.

ఉంచుకోవలసినవి: తక్కువసేపు తిరిగేవీ, వీధి చివర షాపులో బాగయ్యేవీ. పాత మిక్సీ, రాతి గ్రైండరు, కుట్టు మిషను, దళసరి కుక్కరు గిన్నె. వీటికి వైరు, ప్లగ్గు, గ్యాస్కెట్ మాత్రం కొత్తవి వేయించండి. ఎర్తు ఉన్న మూడు కాళ్ళ ప్లగ్గు లేనిదే ఏ ఇనప సామానూ ముట్టుకోవద్దు.

పంపెయ్యవలసినవి: రోజంతా కరెంటు తినేవీ, ప్రాణానికి నమ్మకం లేనివీ. ఇనప చోక్ ట్యూబులైట్లు, గుండు బల్బులు, ఎక్కువసేపు తిరిగే పాత ఫ్యాన్లు, తాకితే జివ్వుమనే గీజర్లు, పగుళ్ళిచ్చిన గ్యాసు ట్యూబులు. గ్యాసు ట్యూబు చూడటానికి బాగున్నా అయిదేళ్ళకోసారి మార్చాల్సిందే. దాని మీద తేదీ ఉంటుంది చూడండి.

ఆలోచించి తేల్చుకోవలసినవి: ఫ్రిజ్, వాషింగ్ మిషన్. మీటరు లెక్క చూసి, రిపేరు ఖర్చు చూసి నిదానంగా నిర్ణయించుకోండి. పండగ ఆఫర్లు ప్రతి ఏడూ వస్తాయి, తొందరేం లేదు. పాత ఫ్రిజ్ ఇచ్చేసేటప్పుడు సుత్తితో పగలగొట్టేవాడికి కాకుండా కంపెనీ ఎక్స్‌చేంజిలోనో, గుర్తింపు ఉన్న ఈ-వేస్ట్ సేకరణ కేంద్రంలోనో ఇవ్వండి. బాగా పాతవాటిలో ఉండే గ్యాసు ఆకాశంలో ఓజోను పొరకి చేటు. ఆ గ్యాసుల్ని మానిపించటానికి 1987లో మాంట్రియల్ ఒప్పందం కుదిరితే, 1992లో మన దేశమూ అందులో చేరింది.

చివరగా ఒక మాట. ఏ షాపుకెళ్ళినా అమ్మేవాడు మీవారితోనే మాట్లాడతాడు. ఎన్ని లీటర్లు, ఎన్ని వాట్లు, ఎన్ని వాయిదాలు అని ఆయనకే చెబుతాడు. కానీ రేపు ఆ మిషన్ ముందు నిలబడేది మనం. అది ఆగితే దాని పని మీద వేసుకునేది మనం. కాబట్టి ఈసారి పక్కకి నిలబడి రంగు ఎంచటంతో సరిపెట్టకండి. ముందుకొచ్చి ఆ మూడు ప్రశ్నలూ మీరే అడగండి. జవాబు తిన్నగా చెప్పిన చోటే కొనండి.

మీ ఇంట్లో ఏ పాత వస్తువు ఇంకా నడుస్తోంది? దాన్ని ఎలా కాపాడుకుంటున్నారు? ఏ కొత్త వస్తువు మిమ్మల్ని ఏడిపించింది, ఏది సుఖపెట్టింది? తీరిక చేసుకుని రాయండి. నలుగురికీ పనికొచ్చే సంగతులు నలుగురం పంచుకుందాం. వచ్చేవారం మళ్ళీ కలుద్దాం.